స్తంభం సరే, దీపం ఎవరు పెడతారు?

పోయిన వారం మన కాలేజీ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకే మెసేజ్ తిరిగింది. మీరూ చూసే ఉంటారు. కాలేజీకి పాతికేళ్లు నిండుతున్నాయి కాబట్టి గేటు దగ్గర పైలాన్ కడుతున్నారట. ఎత్తు 25 అడుగులు, అంటే ఏడాదికో అడుగు. నల్ల గ్రానైట్, బంగారు రంగు అక్షరాలు. కింద నుంచి పై దాకా చుట్టుకుంటూ పోయే పట్టీ మీద బ్యాచ్ టాపర్లు, పెద్ద ప్యాకేజీలు కొట్టినవాళ్లు, మనం గెలిచిన కప్పులు. "రోమ్ నగరంలోని ట్రాజన్ స్తంభం స్ఫూర్తితో" అని పోస్టరు అడుగున రాశారు. మనిషికి 300 రూపాయలు.

డిజైన్ చేసిన సివిల్ సీనియర్లంటే నాకు గౌరవమే. త్రీడీ బొమ్మ చూసి నేనూ లైక్ కొట్టాను. కానీ ఆ శనివారం ఊరెళ్లొచ్చాక మనసు మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఈ వ్యాసం. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, క్యాంటీన్లోనే ఉంటాను.

మాది ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటి, భీమేశ్వరుడి గుడి ఉన్న ఊరు. గుడి రెండంతస్తులు. లింగం ఎంత ఎత్తంటే కింద నుంచి అడుగు భాగం చూసి, మెట్లెక్కి పై అంతస్తులో అభిషేకం చూడాలి. చిన్నప్పుడు మా నానమ్మ లోపల మాణిక్యాంబ దగ్గర కుంకుమ పూజ చేయించుకుంటుంటే నేను మండపంలో స్తంభాలు పట్టుకుని గిరగిరా తిరిగేవాడిని. చేతికి గరుగ్గా అక్షరాలు తగిలేవి. ఎవరో మేకుతో పేర్లు గీకేశారనుకునేవాడిని, కొండపల్లి కోటకి ఎక్స్‌కర్షన్ వెళ్లినప్పుడు మనవాళ్లు గీకినట్టు. నానమ్మని అడిగితే, "పాత పద్దులు రా అవి. ఎవరేం ఇచ్చారో రాసుకున్నారు" అంది.

నానమ్మ పెద్దగా చదువుకోలేదు. కానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలిసింది ఈమధ్యే.

ముందు రోమ్ సంగతి చూద్దాం. పోస్టరులో పేరెత్తాం కాబట్టి ఆ స్తంభం ఏమిటో తెలుసుకోవడం మర్యాద.

ట్రాజన్ రోమన్ చక్రవర్తి. ఇప్పటి రొమేనియా ప్రాంతంలో డేషియా అనే రాజ్యం ఉండేది, దాని రాజు డెసెబలస్. ఆ రాజ్యం మీద ట్రాజన్ రెండు యుద్ధాలు చేశాడు. మొదటిది క్రీ.శ. 101-102లో, రెండోది 105-106లో. రెండోసారి గెలిచి, డేషియా బంగారం రోమ్‌కి తెచ్చి, ఆ డబ్బుతో నగరం నడిమధ్య పెద్ద ఫోరం కట్టించాడు. అందులో 113లో నిలబెట్టిందే ఈ స్తంభం. అప్పటికి మన దగ్గర శాతవాహనుల కాలం నడుస్తోంది.

ఇంజినీరింగ్ పరంగా చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పీఠంతో కలిపి సుమారు 35 మీటర్లు. ఒక్కోటి 30 టన్నుల పైచిలుకు ఉన్న పాలరాతి దిమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ దిమ్మల లోపలే రాతిని తొలిచి 185 మెట్ల మెలిక మెట్లదారి చేశారు. బయట స్తంభాన్ని చుట్టుకుంటూ 190 మీటర్లకు పైగా సాగే శిల్పాల పట్టీ. అందులో 155 ఘట్టాలు, రెండున్నర వేలకు పైగా బొమ్మలు. ట్రాజన్ ఒక్కడే దాదాపు అరవై చోట్ల కనిపిస్తాడు. మన ఫ్లెక్సీల మీద నాయకుల ఫోటోలు గుర్తొస్తే తప్పు మనది కాదు.

ఇంకో తమాషా ఉంది. అన్ని ఘట్టాల్లో నిజంగా కత్తులు దూసుకున్నవి తక్కువ. ఎక్కువ చోట్ల సైనికులు చెట్లు నరుకుతుంటారు, రోడ్లు వేస్తుంటారు, శిబిరాలకు గోడలు కడుతుంటారు. డాన్యూబ్ నది మీద అపొల్లొడోరస్ అనే ఇంజినీరు కట్టిన వంతెన కూడా అందులో ఉంది. ఇక పీఠం మీద చెక్కిన వాక్యాల్లో డేషియా యుద్ధాల కథేమీ లేదు. ఈ స్థలం కోసం ఎంత ఎత్తు గుట్టని తవ్వి తీసేశారో చూపించడానికి ఈ స్తంభం అని మాత్రం ఉంది. అంటే ఒక రకంగా అది తవ్వకం పని కొలతల రికార్డు. మన సర్వేయింగ్ ల్యాబ్ వాళ్లు కాలరెగరేయవచ్చు.

అయితే ఆ గెలుపు ఏమైంది? క్రీ.శ. 270ల నాటికి ఔరేలియన్ చక్రవర్తి డేషియా నుంచి రోమన్ సైన్యాన్ని వెనక్కి పిలిపించేశాడు. నూట అరవై ఏళ్లు, అంతే. ట్రాజన్ 117లో చనిపోతే చితాభస్మాన్ని బంగారు పాత్రలో పెట్టి స్తంభం పీఠంలోనే ఉంచారు. ఆ పాత్ర ఇప్పుడు లేదు. పైన నిలబెట్టిన ఆయన విగ్రహం మధ్యయుగాల్లో మాయమైంది. 1587లో పోపు ఐదో సిక్స్టస్ ఆ ఖాళీలో సెయింట్ పీటర్ విగ్రహం పెట్టించాడు. ఓడిపోయిన డెసెబలస్ సంగతంటారా? 1994 నుంచి 2004 దాకా పదేళ్లు పనిచేసి, రొమేనియాలో డాన్యూబ్ ఒడ్డున ఒక కొండని ఆయన ముఖంగా చెక్కారు. అది ట్రాజన్ స్తంభం కన్నా ఎత్తు!

మనవాళ్లు తక్కువ తిన్నారా అంటే, లేదు. దానికి సాక్ష్యం మా ఊళ్లోనే ఉంది.

మహాభారతం తెలుగు చెయ్యమని నన్నయ్యని అడిగిన రాజరాజ నరేంద్రుడు తెలుసు కదా, మన రాజమహేంద్రవరం రాజు. ఆయన కొడుకే తర్వాత 1070లో చోళ సింహాసనం ఎక్కి కుళోత్తుంగ చోళుడయ్యాడు. కళింగ మీద ఆయన చేయించిన దాడి గురించి భీమేశ్వరుడి గుడిలో ఒక శాసనం ఉంది. ఆయన అధికారి ఒకడు కళింగ దేశాన్ని బూడిద చేసి, రాజు కీర్తి చాటడానికి ఓడ్ర దేశంలో విజయస్తంభం పాతించాడని అందులో ఉంది. "బూడిద చేసి" అన్నది నా అలంకారం కాదు, శాసనం గొప్పగా చెప్పుకున్న విషయమే అది. ఆ బూడిదలో ఎన్ని ఊళ్లున్నాయో, ఎంతమంది నానమ్మలున్నారో శాసనం చెప్పదు. కుళోత్తుంగుడి పాలన చివరికి వచ్చేసరికి వేంగి చాళుక్య విక్రమాదిత్యుడి వైపు వెళ్లిపోయింది. ఓడ్ర దేశంలో స్తంభం పాతినవాడికి సొంత పుట్టింటి గడ్డే చేజారింది.

నాలుగు వందల ఏళ్ల తర్వాత శ్రీకృష్ణదేవరాయలు అదే దారిలో వచ్చాడు. గజపతుల మీద గెలుస్తూ గెలుస్తూ సింహాచలం దాకా వెళ్లి, 1516లో స్వామికి నగలు సమర్పించి శాసనం వేయించాడు. అక్కడికి దగ్గర్లోని పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఆ తర్వాత గజపతితో సంధి కుదిరింది, ఆయన కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు, కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన భూమంతా తిరిగి ఇచ్చేశాడు. అంటే మా ద్రాక్షారామంతో సహా. జయస్తంభం మాత్రం ఓడిన రాజు పొలిమేరలోనే ఉండిపోయింది.

పార్టీల గొడవ నాకొద్దు గానీ, ఈ అలవాటు మనకింకా పోలేదు. 2003లో ఒక పాదయాత్ర ఇచ్ఛాపురంలో ముగిస్తే అక్కడో స్తూపం, 2019లో ఇంకోటి అక్కడే ముగిస్తే మరో స్తూపం, 2013లో విశాఖ అగనంపూడి దగ్గర మరో పార్టీది ఇంకోటి. అందరూ గెలిచారు. తర్వాత వాళ్లో వాళ్ల వాళ్లో ఓడిపోయారు కూడా. ఇచ్ఛాపురం ఒడిశా సరిహద్దు అని గమనించారా? వెయ్యేళ్లుగా మనకి స్తంభం పాతాలంటే అటే గాలి మళ్లుతుంది కాబోలు.

ఇప్పుడు నానమ్మ చెప్పిన పద్దుల దగ్గరికి వద్దాం.

భీమేశ్వరాలయంలో శాసనాలు మూడు వందలకు పైనే ఉన్నాయి. తెలుగు, సంస్కృతం, అక్కడక్కడ తమిళం. వాటి పాఠాలు 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' నాలుగో సంపుటంలో 1923లోనే అచ్చయ్యాయి. స్కాన్ కాపీ మొబైల్లో తెరిచి ఊళ్లో కూర్చుని తిప్పాను. పాత తెలుగు కదా, సగం తలకెక్కలేదు. ఎక్కినంతలో ఒకటి తేలింది. విజయస్తంభం గురించి చెప్పే శాసనం లాంటివి ఏ కొన్నో. లెక్కలేనన్ని మాత్రం దీపాలవి.

అఖండ దీపం. రాత్రీ పగలూ ఆరకూడదు. ఆరకుండా ఉండాలంటే రోజూ నెయ్యి కావాలి. దానికి వాళ్లు చేసిన ఏర్పాటు చూడండి. దాత గుడికి కొన్ని జీవాల్ని ఇస్తాడు, తరచు కనిపించే లెక్క 50 గొర్రెలు. వాటిని ఒక కాపరికి అప్పజెబుతారు. మందని మేపుకోవడం, పెంచుకోవడం అతని పని. బదులుగా అతను, అతని తర్వాత అతని కొడుకులు, మనవలు రోజుకో మానెడు నెయ్యి గుడికి పొయ్యాలి. ఎన్నాళ్లు? సూర్యచంద్రులున్నంత కాలం. తమిళ శాసనాల్లో ఇలాంటి మందని చావని, ముసలికాని గొర్రెలు అంటారు. గొర్రె చావకపోవడం ఏమిటని నవ్వకండి. ఒకటి పోతే పిల్ల దాని స్థానంలోకి వస్తుంది, మంద లెక్క తగ్గకూడదు. అసలు ముట్టకుండా వడ్డీతో నడపడం అన్నమాట. మెఫా సబ్జెక్టులో మనం రాత్రికి రాత్రి బట్టీపట్టి మర్నాటికి మర్చిపోయే పాఠం ఇదే.

ఈ దీపాలు పెట్టింది ఎవరు? రాణులున్నారు, మంత్రులున్నారు, సైన్యాధికారులున్నారు. వర్తకులున్నారు, గుడి సానులున్నారు. నెయ్యి పొయ్యడానికి ఒప్పుకున్న కాపరి పేరు కూడా రాతి మీద ఉంటుంది. ట్రాజన్ స్తంభం మీద రెండున్నర వేల బొమ్మలున్నాయి గానీ చెట్టు నరికే సైనికుడి పేరేమిటో ఎవరికీ తెలియదు. గోదావరి గట్టు మీద గొర్రెలు మేపుకున్నవాడి పేరు మాత్రం తొమ్మిది వందల ఏళ్ల తర్వాత నేను మొబైల్లో చదివాను. అది చదివినప్పుడు నాకు కలిగింది గర్వం కాదు, సిగ్గు. పదేళ్లు ఆ స్తంభాల చుట్టూ తిరిగి, ఆ పేరు మీద చెయ్యి పెట్టి, గీతలనుకున్నాను.

ఇదంతా చెప్తే మా రూమ్మేటు ఒక ప్రశ్న వేశాడు. వాడి ప్రశ్న గట్టిది కాబట్టి దాచను. "బాసూ, ఆ స్తంభమే లేకపోతే ట్రాజన్ గురించి నువ్వీ వ్యాసం రాసేవాడివా? నీ అఖండ దీపాల్లో ఇప్పుడు ఎన్ని వెలుగుతున్నాయి? యాభై గొర్రెలు ఎక్కడున్నాయి? సూర్యుడూ ఉన్నాడు, చంద్రుడూ ఉన్నాడు, నెయ్యేదీ?"

నిజమే. ఆ మందలు లేవు. రాజ్యాలు మారాయి, భూములు చేతులు మారాయి, ఒప్పందాలు చెదిరిపోయాయి. రాయి మిగిలింది. కాబట్టి రాయి వద్దని నేననడం లేదు. నేనంటున్నది రెండు మాటలు.

మొదటిది, రాయి కూడా ఊరికే మిగలదు. 1162లో రోమ్ నగర సెనేట్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ట్రాజన్ స్తంభానికి ఎవరైనా హాని చేస్తే మరణశిక్ష, ప్రపంచం ఉన్నంత కాలం అది చెక్కుచెదరకుండా ఉండాలి అని. ఆ ఫోరంలో మిగతా కట్టడాలు చాలావరకు కూలిపోయాయి, రాళ్లు ఎత్తుకుపోయారు. స్తంభం నిలబడిందంటే తర్వాతి తరాలవాళ్లు దాన్ని తమదనుకుని కాపాడారు కాబట్టే. మన దగ్గర ఎన్ని గుళ్లలో శాసనాల మీద సున్నాలు, ఆయిల్ పెయింట్లు కొట్టేస్తున్నారో మీ ఊరెళ్లినప్పుడు చూడండి. పాతినవాడి గొప్ప పాతినవాడితోనే పోతుంది. చూసుకునేవాడు ఉంటేనే రాయి.

రెండోది, రాతి మీద ఏం రాస్తాం అన్నది. గెలుపు రాస్తే, చదివేవాడు చెయ్యడానికి ఏమీ ఉండదు, తలెత్తి చూసి పోవడమే. దీపం లెక్క రాస్తే చదివిన ప్రతివాడికీ ఒక పని ఉంటుంది. నెయ్యి పోశారా లేదా అని అడగొచ్చు. కాపరిని నిలదీయొచ్చు, గుడి అధికారిని నిలదీయొచ్చు. రాయి కాలర్ పట్టుకుని అడిగే హక్కు ఇస్తుంది. దీపం ఆరిపోయిందని మా రూమ్మేటు ఇవాళ అడగగలిగాడంటే, వెలిగిస్తామని రాసిపెట్టారు కాబట్టే కదా.

ఇప్పుడు మన గేటు దగ్గరికి వస్తాను.

మన లైబ్రరీ రీడింగ్ హాలు సాయంత్రం ఎనిమిదికి మూసేస్తారు. హాస్టల్లో గదికి నలుగురం. ఒకడికి నిద్ర, ఒకడికి ఫోను, ఒకడికి రేపు ఇంటర్నల్. పోయిన సెమిస్టరులో అర్ధరాత్రి నీళ్లకని లేచి బయటికొస్తే కారిడార్ ట్యూబ్‌లైటు కింద ఫస్టియర్ కుర్రాడొకడు నేల మీద కూర్చుని డ్రాయింగ్ షీటు పరుచుకుని కనబడ్డాడు. దోమలు వాలిపోతున్నాయి. "లోపల లైటు వేస్తే అన్నయ్యలు తిడతారండి" అన్నాడు. ఆ అన్నయ్యల్లో నేనూ ఒకడిని. నిద్రమత్తులో ఓ రాత్రి నేనూ కసిరాను. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

హాలు ఎందుకు మూసేస్తారని అడిగితే వచ్చే జవాబు ఒకటే, ఆ టైములో కూర్చునే మనిషి లేడని. సరే, లెక్క వేద్దాం. సుమారు 1,800 మందిమి. తలా 300 అంటే 5 లక్షల 40 వేలు. దీన్ని గ్రానైటులో పెడితే ఆవిష్కరణ రోజున సెల్ఫీలు, ఆ తర్వాత పావురాలు. అదే డబ్బు బ్యాంకులో డిపాజిట్ వేసి ఏడు శాతం వడ్డీ వచ్చిందనుకోండి, ఏడాదికి 37,800. ఏడాది పొడవునా చాలదు, ఒప్పుకుంటాను. కానీ పరీక్షల ముందు నాలుగు నెలలకి పంచితే నెలకి 9,450. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా హాలు తెరిచి కూర్చునే మనిషికి అది సరిపోతుంది. అసలు ముట్టుకోం. చావని, ముసలికాని గొర్రెలు. పాస్ అవుట్ అయిన బ్యాచ్‌లు ఏటా కొంచెం కలిపితే మంద పెరుగుతుంది, నాలుగు నెలలు ఆరవుతాయి, ఆరు పన్నెండవుతాయి.

రాయి కావాలా? పెడదాం. రీడింగ్ హాలు గుమ్మం పక్కన ఒక చిన్న నాపరాయి చాలు. అసలు ఎంత, ఏ బ్యాంకులో ఉంది, ఏడాదికి వడ్డీ ఎంత, హాలు ఏ వేళల్లో తెరిచి ఉండాలి, ఈ ఏడాది ఆ కుర్చీలో కూర్చునేది ఎవరు. మన కాపరి పేరన్నమాట. టాపర్ల పేర్లు లింక్డిన్‌లో ఎలాగూ ఉంటాయి. పదేళ్ల తర్వాత ఎవడో జూనియర్ రాత్రి తొమ్మిదింటికి వచ్చి తలుపు తాళం వేసి ఉండటం చూస్తే, ఆ రాయి ఫోటో తీసి ఆఫీసుకి వెళ్లి "ఇక్కడ పదకొండు అని రాసుందండీ" అని అడగాలి. వాడు అలా అడగగలిగితే మన పాతికేళ్ల పండగ చేసుకున్నట్టే.

వచ్చే శుక్రవారం సిల్వర్ జూబ్లీ కమిటీ మీటింగుంది, స్టూడెంట్లు కూడా రావచ్చన్నారు. నేను వెళ్తున్నాను. డిజైన్ చేసిన సీనియర్లకి ఒక్క మనవి. ఆ పట్టీ మీద రోడ్లు వేసినవాళ్లని, చెట్లు నరికినవాళ్లని చెక్కిన అపొల్లొడోరస్ కాలం శిల్పుల్లాగే మీకూ పనివాళ్ల విలువ తెలుసు. ఆ చెయ్యి ఇటు వెయ్యండి. నా 300 మాత్రం రెడీగా ఉంది. పైలాన్‌కి అంటే ఇస్తాను, మొహం ముడుచుకుని. దీపానికి అంటే ఇంకో 300 కలిపి ఇస్తాను.

ఊరి నుంచి బయల్దేరే ముందు నానమ్మకి ఈ సంగతంతా చెప్పాను. కాపరులు, నెయ్యి, వడ్డీ, అన్నీ. ఓపిగ్గా విని ఒకటే అడిగింది. "ఆ కారిడార్లో పిల్లోడు పాసయ్యాడా మరి?"

నాకు తెలియదు. కనుక్కోలేదు. ఈ వ్యాసం పంపేసి వాడి గదికి వెళ్తున్నాను.